ఆన్‌లైన్ వేలంలో పాట గెలిచి పత్తా లేని కొనుగోలుదారు: ఉప్పల్, నాచారం నేపథ్యం

ఆన్‌లైన్ వేలంలో అందరికన్నా హెచ్చుగా పాడి, గడువు ముగిశాక ఫోన్ ఎత్తకుండా, ఈ-మెయిల్‌కు బదులివ్వకుండా, సొమ్ము కట్టకుండా ఉండిపోయే పాటదారు అమ్మకందారుకు పెద్ద చిక్కు. వస్తువు అమ్ముడైనట్టే ఉంటుంది, చేతికి డబ్బు రాదు. ఇంకొకరికి అమ్మాలంటే మొదటివాడు రేపు వచ్చి తగవు పెట్టుకుంటాడేమోనన్న జంకు. ఊళ్లో చావడి దగ్గర జరిగే పాటలో ఈ బెడద తక్కువ. ‘మూడోసారి’ అనగానే చుట్టూ ఉన్నవాళ్లంతా పాడినవాడి ముఖం చూస్తారు, బయానా అక్కడికక్కడే చేతులు మారుతుంది. తెర మీద జరిగే పాటలో పాడినవాడు ఒక యూజర్ ఐడీ, ఒక మొబైల్ నంబరు, అంతే.

హైదరాబాద్ తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఆన్‌లైన్ వేలాలు నాలుగు తీరుల్లో కనిపిస్తాయి. ఒక్కో తీరులో పాటదారు మాయమైతే జరిగేది ఒక్కోలా ఉంటుంది. ఆ తేడాకు కారణం పాటదారుల గుణంలో కన్నా, పాటకు ముందు వారి నుంచి ఎంత సొమ్ము కట్టించుకున్నారన్న దానిలోనే ఎక్కువగా ఉంది.

ఇక్కడ పాటకు వచ్చేవి

అన్నిటికన్నా పెద్దది భూమి. మూసీ ఒడ్డున ఉప్పల్ భగాయత్‌లో ఒకప్పటి సాగుభూములను సేకరించి హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ, అంటే హెచ్ఎండీఏ, లేఅవుట్ వేసింది. భూమి ఇచ్చిన రైతులకు కొంత వాటా ప్లాట్ల రూపంలో దక్కగా, సంస్థ చేతిలో మిగిలిన ప్లాట్లు 2019లో ఈ-వేలానికి వచ్చాయి. 2021 డిసెంబరులో 44 ప్లాట్లకు జరిగిన వేలంలో గజం ధర గరిష్ఠంగా రూ.1.01 లక్షలు పలికింది. రెండు రోజుల పాట మొత్తం విలువ రూ.474.61 కోట్లకు చేరింది. మెట్రో రైలు డిపో పక్కనే ఉండటం, నాగోలు, ఉప్పల్ స్టేషన్లు దగ్గరవటం ఆ ధరకు కొంత కారణం. వేలాన్ని నడిపింది ఎంఎస్‌టీసీ. కేంద్ర ఉక్కు శాఖ కింద 1964లో లోహపు తుక్కు వ్యాపారం కోసం పుట్టిన ఈ సంస్థ ఇప్పుడు తుక్కుతో పాటు భూములు, గనులు, బొగ్గు కూడా ఆన్‌లైన్‌లో పాటకు పెడుతోంది.

రెండోది బ్యాంకుల వేలం. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామిక వాడల్లోని షెడ్లు, యంత్రాలు, చుట్టుపక్కల కాలనీల్లోని ఫ్లాట్లు అప్పు తీరక 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద జప్తయి పాటకొస్తాయి. ప్రభుత్వ రంగ బ్యాంకులు ఇలాంటి ఆస్తులను ఒకేచోట చూపేందుకు 2025 జనవరిలో ‘బ్యాంక్‌నెట్’ అనే వేదిక మొదలైంది.

మూడోది బండి నంబర్లు. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా బళ్ల సిరీస్ 08 కాబట్టి ఉప్పల్ రవాణా కార్యాలయం దగ్గర 9999, 0001 లాంటి అంకెల కోసం పోటీ ఉంటుంది. నాలుగోది చిన్న అమ్మకం: షెడ్డు ఖాళీ చేసే యజమాని పాత లేత్ మిషన్, నాణేలూ స్టాంపులూ సేకరించినవారు తమ ఆల్బం, కెమెరా మార్చుకోవాలనుకునేవారు పాత కెమెరా. ఇవి ఒకప్పుడు ఈబే ఇండియాలో పాటకొచ్చేవి. 2000లో మొదలైన బాజీ డాట్ కామ్‌ను 2004లో ఈబే కొన్నది, అదే ఈబే ఇండియా అయింది. ఈబే ఇండియా వ్యాపారం 2017లో ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లింది, 2018 ఆగస్టులో ఆ సైటు మూతపడింది. అప్పటి నుంచి ఇలాంటి పాటలు వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో జరుగుతున్నాయి. ‘ఆదివారం రాత్రి తొమ్మిది వరకు ఎవరు ఎక్కువంటే వారికి’ అన్నదే నియమావళి. పాటదారు మాయమైతే బాగా దెబ్బతినేది ఈ నాలుగో రకం అమ్మకందారే.

ధరావతు

ప్రభుత్వ వేలాల్లో పాట పాడాలంటే ముందుగా ధరావతు కట్టాలి. కాగితాల్లో దీన్నే ఈఎండీ అంటారు. గెలిచినవాడు మిగతా సొమ్మును విడతలుగా, గడువుల్లో కట్టకపోతే ధరావతు పోతుంది, ప్లాటు మళ్లీ పాటకు వెళుతుంది. ఇలాంటి వేలంలో పాటదారును వెతుక్కుంటూ ఎవరూ తిరగరు. రిజిస్టరైన ఈ-మెయిల్‌కు లేఖ వెళుతుంది, తేదీ దాటుతుంది, ఫైలు ముందుకు కదులుతుంది.

ధరావతు ఉంటే చాలదు, అది పాట విలువకు తగ్గట్టు కూడా ఉండాలి. 2025 నవంబరులో హర్యానాలో ‘హెచ్ఆర్ 88 బీ 8888’ అనే బండి నంబరు ఆన్‌లైన్ వేలంలో రూ.1.17 కోట్లు పలికింది. దేశమంతా ఆ వార్త చదివింది. గడువులోగా డబ్బు మాత్రం రాలేదు. పాటదారు ముందుగా కట్టిన రూ.11 వేలు జప్తయ్యాయి. కోటికి పైగా పలికిన పాటకు అది వెయ్యో వంతు కూడా కాదు. ఆ రాష్ట్ర రవాణా మంత్రి పాటదారు ఆస్తులపై విచారణకు ఆదేశించారు గానీ, లోపం ఆ పదకొండు వేల అంకెలోనే ఉంది. అంత తక్కువ ఖర్చుతో నాలుగు రోజులు దేశమంతా పేరు మోగిపోతుందంటే ఎవరో ఒకరు సరదా పడతారు.

ఇదే సంగతిని బాలాపూర్ గణేశ్ ఉత్సవ సమితి తనదైన తీరులో పట్టుకుంది. 1994లో రూ.450కి మొదలైన లడ్డూ పాట 2023లో రూ.27 లక్షలకు చేరింది. 2024లో పాటలో దిగే ప్రతివారూ కిందటేటి ధర రూ.27 లక్షలు ముందే జమ చేయాలని సమితి షరతు పెట్టింది. ఆ ఏడు లడ్డూ రూ.30.01 లక్షలు పలికింది. అది నలుగురి ముందు జరిగే పాటే, ఆన్‌లైన్‌ది కాదు. అయినా ధరావతు ఎంత ఉండాలన్న ప్రశ్నకు ఇది సూటి జవాబు.

బ్యాంకు వేలంలో ఈ లెక్క చట్టంలోనే ఉంది. సర్ఫేసీ నిబంధనల్లో 9వ నిబంధన ప్రకారం పాట ఖాయమైన రోజునే, లేదంటే మరుసటి పనిదినానికల్లా, ధరావతుతో కలిపి నాలుగో వంతు కట్టాలి. అమ్మకం ధ్రువీకరించాక 15 రోజుల్లో మిగతాది కట్టాలి. ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ గడువును పెంచుకోవచ్చు, మూడు నెలలకు మించకూడదు. కోర్టు వేలాలకు 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు కూడా ఇలాగే నాలుగో వంతు వెంటనే, మిగతాది 15 రోజుల్లో అంటుంది. దాని 71వ నిబంధన ఇంకాస్త గట్టిది. కట్టనివాడి వల్ల మళ్లీ పాట పెట్టాల్సి వచ్చి ధర తగ్గితే, ఆ తగ్గినంతా అతని దగ్గరే వసూలు చేయవచ్చు.

ఎందుకు దొరకరు

దొరకనివాళ్లంతా మోసగాళ్లే అనుకుంటే అమ్మకందారే నష్టపోతాడు. చాలాసార్లు కారణం మామూలుదే. ఈ-మెయిల్ స్పామ్‌లో పడుతుంది, ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు పడుతుంది, కొత్త నంబరు నుంచి వచ్చే ఫోన్లు ఎత్తకపోవడం ఈ రోజుల్లో అందరికీ అలవాటే. ఉప్పల్, నాచారం వైపు మరో కారణం కూడా ఉంటుంది. డబ్బు పెట్టేది డాలస్‌లో ఉన్న కొడుకు, లాగిన్ ఇక్కడి తండ్రి పేరు మీద, ఓటీపీ వచ్చేది రామంతాపూర్‌లోని ఆయన ఫోనుకు. ముగ్గురి సమయాలు కలిసేసరికి మూడు రోజులు పోతాయి.

రెండో రకం, పాడాక గుండె జారినవాళ్లు. వేలంలో గెలిచేది సాధారణంగా వస్తువు విలువను అందరికన్నా ఎక్కువగా అంచనా వేసినవాడే. అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ సంస్థకు చెందిన ముగ్గురు ఇంజినీర్లు, కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్, సముద్రగర్భంలోని చమురు క్షేత్రాల పాటలను చూసి 1971లో ఒక వ్యాసంలో ఈ సంగతి చెప్పారు. అర్థశాస్త్రంలో ఇది ‘గెలిచినవాడి శాపం’గా స్థిరపడింది. చమురుకు చెప్పింది గజం లక్ష రూపాయల ప్లాటుకూ వర్తిస్తుంది. రాత్రి పదకొండింటికి పోటీ మీద పాడినవాడు తెల్లారి బ్యాంకు మేనేజరును కలిసి, అప్పు అంత రాదని తెలిశాక ఫోన్ ఆపేస్తాడు.

మూడో రకం, కొనే ఉద్దేశం ముందు నుంచీ లేనివాళ్లు. 2009లో ప్యారిస్‌లో క్రిస్టీస్ వేలానికి వచ్చిన రెండు చైనా కంచు శిరస్సులను, ఎలుకనూ కుందేలునూ, కై మింగ్‌చావో అనే పాటదారు 3.14 కోట్ల యూరోలకు పాడి, అవి చైనా నుంచి దోచుకుపోయినవి కాబట్టి డబ్బు కట్టనని బహిరంగంగా ప్రకటించాడు. అది నిరసన. అంత ఘనమైన కారణం లేనివాళ్లే ఎక్కువ: ప్రత్యర్థిని అడ్డుకోవాలనుకునేవాడు, పక్క ప్లాటు తనకు ఉండి ఆ వీధి ధర పెరిగినట్టు చూపించాలనుకునేవాడు, చివరికి అమ్మకందారే ధర లేపడానికి నిలబెట్టిన డమ్మీ పాటదారు. ఈ చివరివాడే గెలిస్తే ఫిర్యాదు చేయడానికి ఎవరూ మిగలరు. వేరొకరు గెలిస్తే మాత్రం, 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం అమ్మకందారు ధర పెంచడానికి ఉత్తుత్తి పాట పాడిస్తే, కొన్నవాడు ఆ కొనుగోలును రద్దు చేసుకోవచ్చు.

కొన్నిసార్లు లోపం అమ్మేవారిదే. 2006–07లో హెచ్ఎండీఏకు ముందున్న హుడా కోకాపేటలో భూములు వేలం వేసినప్పుడు యాజమాన్యంపై దావాలు బయటపడ్డాయి. పాటదారులు మిగతా సొమ్ము ఆపి కోర్టుకెక్కారు, తగవు ఏళ్ల తరబడి నడిచింది. పాటదారు మౌనంగా ఉన్నాడంటే ముందు తన పత్రాలను ఒకసారి చూసుకోవడం అమ్మకందారుకు మంచిది.

చట్టం ఎవరి వైపు

పాట ముగిసిందని ప్రకటించేదాకా పాటదారు వెనక్కి తగ్గవచ్చు, ప్రకటించాక ఒప్పందం కుదిరినట్టే అని వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ చెబుతుంది. ఆన్‌లైన్‌లో సుత్తి దెబ్బ ఉండదు, నియమాల్లో రాసిన ముగింపు సమయమే ఆ దెబ్బ. ప్రభుత్వ భూముల వేలంలో మాత్రం అధికారి ధ్రువీకరించే వరకు హెచ్చుపాటదారుకు హక్కు పుట్టదు.

‘నాకు మెయిల్ అందలేదు’ అనే వాదనకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 13వ సెక్షన్ జవాబిస్తుంది. ఫలానా చిరునామాకు పంపమని గ్రహీత ముందే చెప్పి ఉంటే, సందేశం ఆ మెయిల్‌పెట్టెలోకి చేరిన క్షణమే అందినట్టు. తెరిచి చదివాడా లేదా అన్నది లెక్కలోకి రాదు. కాబట్టి పాటకు ముందే పాటదారు చేత ఈ-మెయిల్ చిరునామా రాయించుకోవడం చిన్న పనే అయినా, తర్వాత కోర్టులో పెద్ద ఆధారమవుతుంది. కాగితం నోటీసు విషయంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ఉంది. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, కాదని రుజువయ్యేదాకా అందినట్టే భావిస్తారు. తపాలా శాఖ 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది గనుక ఇప్పుడు పంపేవారు నమోదు, రసీదు ఉన్న స్పీడ్ పోస్టునే వాడుకోవాలి.

పాటదారు కట్టిన ధరావతును అమ్మకందారు ఉంచేసుకోవచ్చా? దీనిపై సుప్రీంకోర్టు తీర్పులు రెండు ఉన్నాయి, పైకి ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తాయి. 1982లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ భికాజీ కామా ప్లేస్‌లో ఒక ప్లాటును రూ.3.12 కోట్లకు వేలం వేసింది. కైలాశ్ నాథ్ అసోసియేట్స్ నాలుగో వంతు, అంటే రూ.78 లక్షలు కట్టింది. మిగతాది రాలేదని సంస్థ ఆ సొమ్మును జప్తు చేసింది. అదే ప్లాటు 1994లో మళ్లీ వేలంలో రూ.11.78 కోట్లు పలికింది. నష్టమే లేనప్పుడు జప్తు ఎలా అని కోర్టు 2015 జనవరిలో అడిగింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద పరిహారం దక్కాలంటే నష్టం ఉండాలని, పైగా గడువు విషయంలో ఆ కేసులో తప్పు సంస్థదేనని తేల్చి, డబ్బు వెనక్కి ఇప్పించింది.

2024 ఫిబ్రవరిలో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, షణ్ముగవేలు కేసులో మాట మారింది. సర్ఫేసీ వేలంలో నాలుగో వంతు కట్టి మిగతాది కట్టలేకపోయిన కొనుగోలుదారుకు మద్రాసు హైకోర్టు డబ్బు వాపసు ఇమ్మంది, సుప్రీంకోర్టు కాదంది. ఇక్కడ జప్తు చట్టబద్ధ నిబంధన నుంచి పుట్టింది, ఇద్దరి మధ్య ఒప్పందం నుంచి కాదు. కాబట్టి 73, 74 సెక్షన్ల నష్టపరిహారపు కొలత దీనికి పట్టదన్నది దాని సారం. నాచారంలో బ్యాంకు పాటలో షెడ్డు పాడుకున్నవాడికీ, ఒప్పందం మీద నడిచే వేలంలో ప్లాటు పాడుకున్నవాడికీ ఉన్న తేడా ఇదే. మొదటివాడు మాయమైతే నాలుగో వంతు మీద ఆశ వదులుకోవాల్సిందే. రెండోవాడికి వాదించుకునే చోటు కొంత ఉంది.

చిన్న అమ్మకందారు చేయగలిగింది

ధరావతు లేని వాట్సాప్ పాటలో పైవేవీ నేరుగా పనికిరావు. అక్కడ ఆదుకునేది వస్తు విక్రయ చట్టంలోని 54వ సెక్షన్. డబ్బు అందని అమ్మకందారు వస్తువును తన దగ్గరే అట్టిపెట్టుకుని, ‘ఇన్ని రోజుల్లో కట్టకపోతే వేరొకరికి అమ్ముతాను’ అని నోటీసు ఇవ్వాలి. తగినంత గడువు చూసి, తర్వాత మళ్లీ అమ్మాలి. తక్కువకు పోతే ఆ తేడాను మొదటివాడి నుంచి కోరవచ్చు, ఎక్కువకు పోతే లాభం తానే ఉంచుకోవచ్చు. నోటీసు ఇవ్వకుండా అమ్మేస్తే కథ తలకిందులవుతుంది: తేడా అడగడానికి ఉండదు, లాభం వస్తే అది మొదటి కొనుగోలుదారుకు చెందుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక కోపంలో వెంటనే రెండోవాడికి అమ్మేసేవారే ఎక్కువ.

ఒక ఉదాహరణ. నాచారంలో ఒకాయన లేత్ మిషన్ రూ.2,10,000కు పాటలో పోయిందనుకుందాం. గెలిచినవాడు మాట్లాడటం లేదు. ఆయన పంపాల్సిన సందేశంలో కోపతాపాలు అక్కర్లేదు: ‘సార్, ఆదివారం పాటలో లేత్ మిషన్ మీకు రూ.2,10,000కు ఖాయమైంది. శుక్రవారం సాయంత్రం ఐదు లోపు సొమ్ము అందకపోతే మిషన్‌ను వేరొకరికి అమ్ముతాను. ధర తగ్గితే ఆ తేడా మీరే ఇవ్వాల్సి ఉంటుంది.’ దీన్ని వాట్సాప్, ఈ-మెయిల్, ఎస్సెమ్మెస్ మూడింటిలోనూ పంపి, పాట జరిగిన గ్రూపు సంభాషణతో సహా స్క్రీన్‌షాట్లు దాచుకోవాలి. శుక్రవారం దాటాక మిషన్ రూ.1,75,000కు పోతే లెక్కకు రూ.35,000 తేడా వస్తుంది. దానికోసం దావా వేయాలంటే మూడేళ్ల గడువు ఉంది. అంతకన్నా ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర లోక్ అదాలత్‌లో, కేసు దాఖలు కాకముందే, ఖర్చు లేకుండా రాజీకి ప్రయత్నించవచ్చు. వినియోగదారుల కమిషన్ మాత్రం ఇందులోకి రాదు. కొన్నవాడి మీద అమ్మినవాడు వేసే ఫిర్యాదు దాని పని కాదు. ముప్పై అయిదు వేల కోసం వకీలు ఫీజు పెట్టడం గిట్టుతుందా అన్నది ఎవరి లెక్క వారిది. చాలామందికి గిట్టదు.

అందుకే రెండో పాటదారును చేతిలో ఉంచుకోవడం మేలు. విదేశాల్లో నడిచే ఈబే ఈ పనికి ఒక ఏర్పాటే చేసింది. కొన్నవాడు నాలుగు రోజుల్లో కట్టకపోతే అమ్మకందారు ఆ అమ్మకాన్ని రద్దు చేసి, తర్వాతి పాటదారుకు అతను పాడిన ధరకే వస్తువును చూపవచ్చు. వాట్సాప్ గ్రూపులో ఇది నియమంగా ముందే రాసుకోవాలి: గెలిచినవారు ఇరవై నాలుగు గంటల్లో ఇంత బయానా వేయాలి, లేకుంటే తర్వాతివారికి వెళుతుంది. ఒక జాగ్రత్త ఉంది. రెండోవాడు పాడిన ధర, మాయమైనవాడు పోటీగా ఎగదోయడం వల్ల పెరిగినది కావచ్చు. అతను కొంచెం తగ్గించమంటే అందులో న్యాయం ఉంది.

ప్రభుత్వ వేలాల్లో రెండో పాటదారుకు అప్పగించడం మామూలుగా చేయరు, మళ్లీ పాట పెడతారు. మొదటివాడూ రెండోవాడూ కుమ్మక్కై, మొదటివాడు తప్పుకుని రెండోవాడికి చవగ్గా ఇప్పించే ఎత్తుగడకు దారి మూయడమే దీని ఉద్దేశం.

ఇంకో రకం పాటదారు మొదట దొరకడు, దొరికాక అతిగా మాట్లాడతాడు. నాలుగు రోజులు మౌనంగా ఉండి, ఐదో రోజు తాను ఆర్మీలో ఉన్నానని, ఇప్పుడే డబ్బు వేస్తున్నానని, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమని అంటాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. పిన్ అడిగాడంటే డబ్బు పోయేది అమ్మకందారు ఖాతా నుంచే. అలాంటివాడి మీద నోటీసులు రాసే శ్రమ దండగ, డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మళ్లీ అమ్మాక వచ్చినవాడు

2010 నవంబరులో లండన్ శివార్లలోని రైస్లిప్‌లో బేన్‌బ్రిడ్జెస్ అనే చిన్న వేలంశాలలో ఒక చైనా కూజా 4.3 కోట్ల పౌండ్లకు పాట పోయింది. కొన్నవాడు కట్టలేదు. నెలలు గడిచాయి, అమ్మకందారులు ఎదురుచూశారు, చివరికి 2013లో అది అంతకన్నా చాలా తక్కువ ధరకు ప్రైవేటుగా వేరొకరికి చేరింది. పెద్ద వస్తువుకు పెద్ద పాట పలికితే దాన్ని వదులుకోలేక అమ్మకందారే ఎదురుచూపులో కాలం పోగొట్టుకోవడం లేత్ మిషన్ దగ్గరా జరుగుతుంది.

మూడు వారాల తర్వాత మొదటి పాటదారు డబ్బుతో వస్తే? ఊరికి పోయాననో, ఫోన్ పోయిందనో, అమ్మకు ఒంట్లో బాగోలేదనో చెబుతాడు, ఒక్కోసారి అది నిజమే అవుతుంది. మిషన్ అప్పటికి అమ్ముడుపోయి, కొత్త యజమాని షెడ్డులో తిరుగుతూ ఉంటుంది. 54వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం, నోటీసు ఇచ్చినా ఇవ్వకపోయినా, రెండోసారి కొన్నవాడి హక్కు మొదటివాడి ఎదుట చెల్లుతుంది. మొదటివాడు మిషన్‌ను వెనక్కి అడగలేడు. నోటీసు ఇచ్చే అమ్మి ఉండి, అతను ముందుగా బయానా ఏమైనా వేసి ఉంటే, దాన్లోంచి ధర తేడా పట్టుకుని మిగిలింది తిరిగివ్వడమే ఇక వాళ్లిద్దరి మధ్య మిగిలే లెక్క.